వేవెల్ సేనాని - మూడు బలముల పొత్తు

సంఖ్యాబలమొక్కటే జయమునకు హేతువని తలచువారు 1940వ సంవత్సరపు శీతకాలమున ఉత్తరాఫ్రికా ఎడారిలో జరిగిన దండయాత్రను పరిశీలింపవలెను. దానికి సూత్రధారియైన ఆర్చిబాల్డ్ వేవెల్‌ను మనవారు రాజప్రతినిధిగానే ఎక్కువగా ఎరుగుదురు. సేనానిగా ఆయన సాధించినదియు, అది చేజారిన విధమును గూడ మనము తెలిసికొనదగినవే. ఏలయన, 1939లో మనదేశమును సంప్రదింపకయే యుద్ధమున దింపిరి. ఆ ఎడారిలో మొదటి దెబ్బ తీసినవారిలో మన సైనికులుండిరి.

వేవెల్ 1883లో ఇంగ్లండునందలి కోల్‌చెస్టరున జన్మించెను. 1901లో బ్లాక్ వాచ్ పటాలమున చేరి దక్షిణాఫ్రికాలోను, మన వాయవ్య సరిహద్దునను పోరాడెను. 1915లో బెల్జియమున ఈప్ర్ వద్ద ఎడమకన్ను కోల్పోయెను. పిదప పాలస్తీనాలో ఆలెన్‌బీ సేనాని క్రింద పనిచేసి, శత్రువును ఏమరించుటలోని మర్మమును గ్రహించెను. ఆయన మితభాషి, కవితాప్రియుడు. 1939లో మధ్యప్రాచ్య సర్వసేనాని యయ్యెను.

1940 సెప్టెంబరులో గ్రాజియానీ సేనలు ఈజిప్టున చొచ్చి, సిడీ బర్రానీ ప్రాంతమున శిబిరములు కట్టుకొని నిలిచెను. వానినెదిరించుటకు ఓకానర్ సేనాని చేతనున్న బలము 36,000కు మించదు. శత్రుబలమో రెండింతలకు పైబడినది. నౌకాదళమునకు కన్నింగ్‌హామ్, విమానదళమునకు లాంగ్‌మోర్ అధిపతులు. వారు వేవెల్‌కు సమానులే కాని లోబడినవారు కారు. ఆజ్ఞాపించు అధికారము లేనిచోట సంప్రదింపుచేతనే పని జరుగవలెను. వ్రాతపూర్వకమైన ఉత్తరువులు మిక్కిలి తక్కువ. నవంబరులో జరిపిన కసరత్తు రాబోవు దాడికే సన్నాహమని సామాన్య సైనికులకు తెలియదు.

డిసెంబరు 8వ తేదీ రాత్రి యుద్ధనౌకలు తీరమునందలి మక్తిలా, సిడీ బర్రానీలపై గుండ్లు కురిపించెను. విమానములు శత్రువుల విమానాశ్రయములపై బాంబులు వైచెను. మరికొన్ని శిబిరములమీద తిరుగుచు, ఇసుకలో కదలివచ్చు ట్యాంకుల రొదను తమ మ్రోతతో కప్పివేసెను. మరునాటి ఉదయము 4వ ఇండియన్ డివిజను పదాతులును, మటిల్డా ట్యాంకులును నిబేవా శిబిరమును వెనుకవైపునుండి పట్టుకొనెను. 10వ తేదీన సిడీ బర్రానీ లొంగెను.

ఎడారిలో తుపాకిమందుకన్న నీరు దుర్లభము. సేన ముందుకు సాగినకొలది, నౌకలు సొల్లుము రేవునకు నీటిని, సామగ్రిని చేరవేసి ఖైదీలను తరలించెను. 1941 జనవరి 3న ఆస్ట్రేలియా సైనికులు బార్డియాపై పడగా, వార్‌స్పైట్, వాలియంట్, బర్‌హామ్ అను మహానౌకలు సముద్రమునుండి తోడ్పడెను. 22న టోబ్రూక్ పడెను. ఫిబ్రవరి 7న బెడా ఫోమ్ వద్ద ఇటలీసేన శేషించినదంతయు పట్టుబడెను. సుమారు పది వారములలో 800 కిలోమీటర్లు దాటి 1,30,000 మందిని బందీలుగా గైకొనిరి. గెలిచినపక్షమున మృతులు 500 మంది మాత్రమే.

కాని కూర్చిన పొత్తు నిలువలేదు. సిడీ బర్రానీ పడినవెంటనే 4వ ఇండియన్ డివిజనును సూడానునకు పంపిరి. అది మార్చిలో కెరెన్ కొండలపై ఘోరముగా పోరాడి గెలిచినది. అంతలో లండను ప్రభుత్వము గ్రీసునకు తోడ్పడ నిశ్చయించెను; వేవెల్ అందులకు సమ్మతించెను. సేనలు, నౌకలు, విమానములు రెండు రంగములకు చీలిపోయెను. ఫిబ్రవరిలో ట్రిపోలీలో దిగిన రోమెల్ ఏప్రిల్ ముగియకముందే టోబ్రూక్ తప్ప గెలిచిన నేలనంతయు తిరిగి లాగికొనెను. ఓకానరే బందీయయ్యెను. గ్రీసు కూడ దక్కలేదు.

1941 జూలైలో వేవెల్ భారత సర్వసేనానిగా వచ్చెను. 1942 ఏప్రిల్ 6న జపాను విమానములు విశాఖపట్టణము, కాకినాడలపై బాంబులు వైచినపుడు ఆ పదవి ఆయనదే. మూడు బలములను కూర్చుట నేర్చిన సేనానికి ఆనాడు మన తీరమును కాచుటకు చాలినన్ని నౌకలు లేవు, విమానములు లేవు. దూరదేశముల యుద్ధములకు మన బిడ్డలను పంపిన పాలకులు మన రేవులకు రక్ష కూర్చలేదని ఆంధ్రులకు అనుభవమున తెలిసినది.

1943లో రాజప్రతినిధియైన వేవెల్ 1945లో సిమ్లాలో నాయకులను సమావేశపరచి విఫలుడయ్యెను. 1947లో పదవి వీడి, 1950లో మరణించెను. ఆయన ఎడారిజయము నేర్పునది రెండు మాటలు. సమానులైనవారు ఒక్క లక్ష్యమునకు కట్టుబడినపుడు కొలదిబలమును కొండను కదల్చును. ఆ బలమునే పెక్కుదిక్కులకు పంచినచో చేతికందిన ఫలమైనను నిలువదు. తన తీరమును తానే కాచుకొనవలసిన దేశము ఈ రెండింటిని మరువరాదు.