శ్వాసను గమనించమన్న వైద్యుడు ఎడ్వర్డ్ లారీ

1847లో ఎడిన్‌బరోలో జేమ్స్ సింప్సన్ క్లోరోఫాంను మత్తుమందుగా ప్రవేశపెట్టారు. మరుసటి ఏడాదే ఇంగ్లండులో హన్నా గ్రీనర్ అనే 15 ఏళ్ల బాలిక ఆ మత్తులో మరణించింది. ఇటువంటి మరణాలలో ముందు ఆగేది గుండెనా, శ్వాసనా అన్న వివాదం వైద్యలోకాన్ని రెండుగా చీల్చింది. నాలుగు దశాబ్దాల తరువాత దానికి సమాధానం వెదికే భారాన్ని హైదరాబాదు తలకెత్తుకుంది. అందుకు కారకులు బ్రిటిష్ రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ.

ఎడిన్‌బరోలో జేమ్స్ సైమ్ శిష్యుడైన లారీ, లాహోరులో పనిచేసి, 1885లో హైదరాబాదు చేరారు. ఇక్కడి వైద్య పాఠశాలకు సారథ్యం వహించారు. తొలినాటి మహిళా మత్తువైద్యులలో ఒకరైన రూపాబాయి ఫర్దూన్‌జీ ఆయన శిష్యురాలే.

మత్తు గాఢమైన కొద్దీ గొంతు కండరాలు సడలుతాయి. నాలుక వెనక్కు జారి గాలిదారిని మూసివేస్తుంది. ఛాతీ కదులుతున్నా ఊపిరితిత్తులకు గాలి చేరకపోవచ్చు. అందుకే నాడిని పట్టుకుని కూర్చోక, శ్వాసపైనే దృష్టి నిలపాలని లారీ బోధించారు. మెడ, ఛాతీ, పొట్టలపై బిగుతు బట్టలు ఉండరాదు. శ్వాసకు అడ్డు తగిలితే కింది దవడను ముందుకు నెట్టాలి, లేదా నాలుకను బయటకు లాగాలి. ఊపిరి ఆగితే వెంటనే కృత్రిమ శ్వాస అందించాలి.

ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆర్థిక సహాయంతో 1888లో మొదటి క్లోరోఫాం కమిషన్ ఏర్పడింది. దాని ఫలితాలను లాన్సెట్ పత్రిక శంకించగా, 1889లో రెండవ కమిషన్ కూర్చుంది. లండన్ నుంచి లాడర్ బ్రంటన్ వచ్చి అందులో పాల్గొన్నారు. వందలాది జంతువులపై ప్రయోగాలు జరిపి, ముందు ఆగేది శ్వాసేనని కమిషన్ తేల్చింది.

అయితే లారీ తన నిర్ణయాన్ని ఏనాడూ పునఃపరిశీలించలేదు. మలేరియా పరాన్నజీవిని కూడా ఆయన అంగీకరించలేదు. ఆ క్రిమి దోమలో పెరుగుతుందని 1897లో సికింద్రాబాదులోనే రోనాల్డ్ రాస్ నిరూపించారు. క్లోరోఫాం తేలికపాటి మోతాదులోనూ గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగగలదని 1911లో గుడ్‌మన్ లెవీ ప్రయోగాలు చూపాయి. నాడిని విస్మరించమన్న బోధ ప్రమాదకరమని రుజువైంది.

అయినా ఆయన కృషి వ్యర్థం కాలేదు. నేడు మత్తువైద్యులు గుండెనూ శ్వాసనూ కలిపే గమనిస్తారు. కానీ స్పృహ తప్పిన రోగికి గాలిదారి మూసుకుపోతే వారు మొదట చేసే పని, నాడు హైదరాబాదులో నేర్పినట్లు, దవడను ముందుకు నెట్టడమే.