జాన్ బాయ్డ్ డన్‌లప్

జాన్ బాయ్డ్ డన్‌లప్ (ఫిబ్రవరి 5, 1840 - అక్టోబర్ 23, 1921) స్కాట్లండులో పుట్టి ఐర్లండులో స్థిరపడిన పశువైద్యుడు. గాలి నింపిన రబ్బరు టైరును వాడుకలోకి తెచ్చిన వ్యక్తిగా ప్రసిద్ధుడు. అటువంటి టైరును మొదట ఊహించినవాడు ఈయన కాదు. కాని ఈయన బెల్‌ఫాస్టులో తయారు చేసిన టైరు నుండే సైకిళ్లకు, ఆ పిమ్మట కార్లకు గాలి టైర్లు వ్యాపించాయి. టైరులో ఎంత గాలి ఉండాలనే ప్రశ్న కూడా వాటితోనే మొదలయింది.

తొలి జీవితము

డన్‌లప్ స్కాట్లండు పశ్చిమ తీరానికి దగ్గరలో ఉన్న ఎయిర్‌షైర్ ప్రాంతంలోని డ్రెగార్న్ గ్రామంలో జన్మించాడు. ఎడింబరోలో పశువైద్యం అభ్యసించి, కొంతకాలం అక్కడే వృత్తి సాగించాడు. 1867లో ఐర్లండుకు తరలివెళ్లాడు. మొదట డౌన్‌పాట్రిక్ పట్టణంలోను, తరువాత బెల్‌ఫాస్టు నగరంలోని మే వీధిలోను వైద్యశాల నడిపాడు. బండ్లన్నీ గుర్రాలు లాగే ఆ కాలంలో పశువైద్యునికి పనికి కొదవ లేదు. 1880ల నాటికి ఈయన వైద్యశాల ఐర్లండులోని పెద్ద పశువైద్యశాలలలో ఒకటిగా పేరు పొందింది. టైరు తయారు చేసేనాటికి ఈయన వయస్సు 47 సంవత్సరాలు.

మూడు చక్రాల సైకిలు

డన్‌లప్ కుమారుడు జానీకి ఒక మూడు చక్రాల సైకిలు ఉండేది. దాని చక్రాలకు ఆనాటి పద్ధతి ప్రకారం గట్టి రబ్బరు పట్టీలు వేసి ఉండేవి. రాళ్లు పరచిన బెల్‌ఫాస్టు వీధులలో ఆ సైకిలు తొక్కడం కుదుపులతో నిండిన పని. 1887 చివరలో డన్‌లప్ పలుచని రబ్బరుతో గొట్టం చేసి, దానిని ఒక కొయ్య చక్రం చుట్టూ అమర్చాడు. పైన గుడ్డ చుట్టి మేకులతో బిగించి, ఫుట్‌బాలుకు గాలి కొట్టే పంపుతో గాలి నింపాడు. తరువాత సైకిలు నుండి ఊడదీసిన చక్రాన్ని, గాలి చక్రాన్ని తన పెరటిలో దొర్లించి చూశాడు. సైకిలు చక్రం కొంత దూరం పోయి పడిపోయింది. గాలి చక్రం పెరటి చివరి దాకా పోయి, గేటు స్తంభానికి కొట్టుకొని వెనుకకు వచ్చింది.

ఇందులోని కిటుకు చిన్నదే. గట్టి చక్రం రాయి ఎక్కినపుడు బండి మొత్తం పైకి లేచి క్రింద పడుతుంది, ఆ లేవడానికి పట్టిన శక్తి వృథా అవుతుంది. గాలి టైరు మాత్రం రాయి తగిలిన చోట లోపలికి నొక్కుకొని, దాటగానే మరల ఉబ్బుతుంది. అందువలన మెత్తదనము, వేగము రెండూ కలిసి వచ్చాయి. మెత్తని చక్రం నెమ్మదిగా దొర్లుతుందని అంతవరకు చాలామంది భావించేవారు.

1888 ఫిబ్రవరి 28 రాత్రి జానీ ఈ టైర్లు వేసిన సైకిలును మొదటిసారి తొక్కాడు. అదే సంవత్సరం డిసెంబరు 7న డన్‌లప్‌కు పేటెంటు లభించింది.

పోటీలు, కంపెనీ

బెల్‌ఫాస్టు సైకిలు పందెగాడు విల్లీ హ్యూమ్ ఈ టైర్లు వేసిన సైకిలు కొని, 1889 మే 18న క్వీన్స్ కళాశాల మైదానంలో జరిగిన పందేలకు వచ్చాడు. లావుపాటి టైర్లను చూసి నవ్వినవారి ఎదుటే పాల్గొన్న నాలుగు పందేలూ గెలిచాడు. ఓడినవారిలో డబ్లిన్ వ్యాపారి హార్వే డు క్రాస్ కుమారులు ఉన్నారు. డు క్రాస్ ఓటమి కారణాన్ని వెంటనే గ్రహించాడు. అదే సంవత్సరం చివరలో ఆయన ఆధ్వర్యంలో డబ్లిన్‌లో టైర్ల కంపెనీ ఏర్పడింది. డన్‌లప్ తన పేటెంటును అప్పగించి, బదులుగా 1500 వాటాలు పొందాడు.

పేటెంటు రద్దు

1890లో డన్‌లప్ పేటెంటు చెల్లదని తేలింది. స్కాట్లండుకే చెందిన రాబర్ట్ విలియం థామ్సన్ 1845లోనే గాలి చక్రానికి పేటెంటు పొంది ఉన్నాడు. ఆయన చక్రాలు గుర్రపు బండ్లకు ఉద్దేశించినవి. ఒక జత చక్రాలు 1200 మైళ్లు నడిచినట్లు చెబుతారు. అయితే అప్పటికి సైకిళ్లు వ్యాపించలేదు, మంచి పలుచని రబ్బరు చౌకగా దొరికేది కాదు. దానితో ఆ ఆవిష్కరణ మరుగున పడింది. థామ్సన్ 1873లోనే మరణించాడు. డన్‌లప్‌కు థామ్సన్ పని గురించి తెలియదనే సాధారణంగా అంగీకరిస్తారు. ముందు కనుగొన్న ఘనత థామ్సన్‌దే, జనంలోకి తెచ్చిన ఘనత డన్‌లప్‌దని చెప్పడం న్యాయం.

కంపెనీ మాత్రం నిలిచింది. డన్‌లప్ తొలి టైరు చక్రానికి అంటించి ఉండేది కనుక పంక్చరు వేయడం పెద్ద పని. టైరును ఊడదీసి మరల ఎక్కించే పద్ధతులకు చార్లెస్ వెల్చ్, విలియం బార్ట్‌లెట్ 1890లో వేరువేరుగా పేటెంట్లు పొందగా, డు క్రాస్ వాటి హక్కులను సంపాదించాడు. 1891లో చార్లెస్ వుడ్స్ రూపొందించిన వాల్వు వచ్చింది. ఫ్రాన్సులో మిషలిన్ సోదరులు అదే సంవత్సరం తమ ఊడదీసే టైరును తెచ్చారు. 1895లో పారిస్-బోర్డో-పారిస్ పందెంలో గాలి టైర్లు వేసిన కారును దారి పొడవునా పంక్చర్లు పడుతున్నా నడిపారు.

చివరి జీవితము

డన్‌లప్ డబ్లిన్‌కు మారి, 1895లో కంపెనీ నుండి తప్పుకున్నాడు. మరుసటి సంవత్సరమే డు క్రాస్ కంపెనీని టెరా హూలీ అనే మదుపుదారునికి 30 లక్షల పౌండ్లకు విక్రయించాడు. ఆయన దానిని 50 లక్షల పౌండ్లకు ప్రజలకు వాటాలుగా అమ్మాడు. కంపెనీ పేరులో డన్‌లప్ అనే మాట చేరింది అప్పుడే, అంటే ఆ పేరుగల మనిషి వెళ్లిపోయిన తరువాత. ఈయనకు పెద్ద సంపద దక్కలేదు. తరువాతి కాలంలో డబ్లిన్‌లో ఒక బట్టల వ్యాపారంలో భాగస్వామిగా ఉన్నాడు. 1921 అక్టోబరు 23న మరణించగా, డీన్స్‌గ్రేంజ్ శ్మశానవాటికలో సమాధి చేశారు. గాలి టైరు చరిత్రపై ఈయన వ్రాసిన పుస్తకం కుమార్తె చొరవతో 1925లో వెలువడింది.

టైరులో గాలి ఒత్తిడి

డన్‌లప్ టైరు తెచ్చిన అసలైన మార్పు బరువు మోసే వస్తువు మారడం. గట్టి టైరులో బండి బరువును రబ్బరు మోస్తుంది, గాలి టైరులో ముఖ్యంగా గాలి మోస్తుంది. ఒక చక్రంపై 400 కిలోల బరువు ఉండి, టైరులో చదరపు అంగుళానికి 32 పౌండ్ల ఒత్తిడి ఉంటే, ఆ టైరు సుమారు 28 చదరపు అంగుళాల మేర నేలకు ఆనుతుంది. ఒత్తిడి తగ్గితే టైరు మరింత అణగి, ప్రక్కలు ఎక్కువగా వంగి వేడెక్కుతాయి. మరీ తగ్గితే వేగంలో టైరు పగిలే ప్రమాదముంది. ఎక్కువైతే నేలకు ఆనే భాగం తగ్గి, కుదుపులు పెరిగి, టైరు నడిమి భాగం త్వరగా అరుగుతుంది.

గాలి పోతే బండి ఆగిపోవడం డన్‌లప్ నాటి నుండి ఉన్న ఇబ్బందే. 1904లో వేల్స్‌లోని లనెల్లి పట్టణంలో స్టెప్నీ వీధి పేరుతో అదనపు చక్రం అమ్మకానికి వచ్చింది. తెలుగువారు నేటికీ దానిని స్టెప్నీ అనే అంటున్నారు. 1970లలో డన్‌లప్ కంపెనీయే, గాలి పోయినా కొంతదూరం నడిచే డెనోవో టైరును విడుదల చేసింది. ఆ తరువాత వ్యాపించిన రన్‌ఫ్లాట్ టైర్లలో ప్రక్క గోడలు మందంగా ఉంటాయి. గాలి పూర్తిగా పోయినా ఇవి సాధారణంగా గంటకు 80 కిలోమీటర్లు మించని వేగంతో 80 కిలోమీటర్ల వరకు బండిని మోయగలవు. బిరుసుదనం, ఖరీదు ఎక్కువ కావడం వలన అరిగిన పిదప వాటిని తీసివేసి మామూలు టైర్లు వేయించుకునేవారు చాలామంది.

అలా మార్చినపుడు గాలి ఎంత ఉంచాలి? టైరు పరిమాణము, బరువు మోసే సూచిక మునుపటివే అయితే, డ్రైవరు తలుపు అంచున కారు తయారీదారు అతికించిన చీటీలోని అంకెలనే పాటించాలి. రన్‌ఫ్లాటులోనూ గాలి ఉన్నంతకాలం బరువులో అధిక భాగం గాలిదే కావడం ఇందుకు కారణం. ముందు చక్రాలకు, వెనుక చక్రాలకు అంకెలు వేరుగా ఉండవచ్చు. నిండుగా మనుషులు, సామాను ఉన్నపుడు పాటించవలసిన అంకె కూడా ఆ చీటీలోనే ఉంటుంది. బండి నడవక ముందు, టైరు చల్లగా ఉన్నపుడు కొలవాలి. పరిమాణం గాని సూచిక గాని మారితే టైరు తయారీదారు పట్టిక చూడక తప్పదు. ప్రక్క గోడపై ముద్రించిన అంకె గరిష్ఠ పరిమితి మాత్రమే, అంతవరకు నింపమని దాని అర్థం కాదు.

మెత్తదనం కోసం చీటీలోని అంకెకంటే గాలి తగ్గించడం తగదు. ప్రక్క గోడలు పలుచబడటం వలననే ప్రయాణం మెత్తబడుతుంది. పైగా గాలి తగ్గినపుడు ఆదుకొనే మందపు గోడ ఇప్పుడు లేదు. మొదట రన్‌ఫ్లాట్లతో వచ్చిన చాలా కార్లలో స్టెప్నీ కూడా ఉండదు కనుక, ఒకటి గాని, పంక్చరు సామగ్రి గాని సమకూర్చుకోవాలి. గాలి తగ్గితే హెచ్చరించే దీపం ఉన్న కార్లలో కొత్త టైర్లకు సరిగా గాలి నింపిన తరువాత దానిని తిరిగి సరిచేయించాలి. ఒకే కారుకు రెండు రకాలూ కలిపి వేయరాదు.

భారతదేశంలో డన్‌లప్ పేరు

డన్‌లప్ కంపెనీ 1936లో పశ్చిమ బెంగాల్‌లోని సాహాగంజ్ వద్ద కర్మాగారం నెలకొల్పింది. తరువాత మద్రాసు సమీపంలోని అంబత్తూరులో మరొకటి వచ్చింది. సాహాగంజ్ కర్మాగారం తరువాతి కాలంలో మూతబడింది. తెలుగు గ్రామాలలో ఇనుప పట్టా చక్రాల ఎడ్లబండ్ల ప్రక్కన టైరు బండ్లు కూడా తిరిగాయి. టైర్లతో సంబంధం లేని ఇండ్లలో సైతం ఈ పశువైద్యుని పేరు వినిపించేది. కంపెనీ రబ్బరు నురుగుతో చేసిన పరుపు డన్‌లప్ పరుపుగా వ్యవహారంలో స్థిరపడింది.