జోడేఘాట్‌కు భీం ఎలా చేరాడు

ఆసిఫాబాద్ నుంచి ఉట్నూరు పోయే తోవలో, కెరమెరి మండలం హట్టి దగ్గర తిరిగి గుట్టలెక్కితే జోడేఘాట్ వస్తుంది. ఏటా ఆశ్వయుజ పౌర్ణమికి కుమ్రం భీం వర్ధంతి అక్కడే జరుపుకుంటాం. మా హాస్టల్ పిల్లలు విగ్రహం ముందు సెల్ఫీ దిగి బస్సెక్కేస్తుంటారు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈసారి కాసేపు ఆగండి.

భీం 1901లో సంకేపల్లిలో పుట్టాడని చెబుతారు. తండ్రి చిన్నూ. అవి నిజాం రోజులు. అడవికి హద్దులు గీసి, పోడు కొట్టినవాళ్లను జంగ్లాతోళ్లు వెళ్లగొట్టేవారు. పశువులు మేపినా పన్నే, కట్టె తెచ్చుకున్నా పన్నే. తండ్రి పోయాక ఆ కుటుంబం సుర్దాపూర్ చేరి భూమి సాగు చేసుకుంది. పంట చేతికొచ్చే వేళకు సిద్దిఖీ అనే అతను వచ్చి పట్టా తన పేరిట ఉందన్నాడు. దున్నినవాళ్ల దగ్గర కాగితం ముక్క కూడా లేదు. ఆ గొడవలో భీం కొట్టిన దెబ్బకు సిద్దిఖీ చనిపోయాడు. భీం ఊరు విడిచి పారిపోయాడు.

ఇక్కడినుంచి కథ నాకు చాలా ఇష్టం. చాందాలో విఠోబా అనే అతని ప్రెస్సులో పనికి కుదిరి, అక్షరాలు పేరుస్తూ చదవడం, రాయడం నేర్చుకున్నాడట. విఠోబాను పోలీసులు పట్టుకున్నాక అస్సాం తేయాకు తోటలకు వెళ్లాడు. కొన్నేళ్లకు తిరిగొచ్చి కాకన్‌ఘాట్‌లో లచ్చు పటేల్ దగ్గర చేరాడు. ఆసిఫాబాద్‌లో పటేల్ భూమి కేసు నడిపి గెలిపించింది ఈ పాలేరే! సోంబాయిని పెళ్లాడింది కూడా ఆ రోజుల్లోనే.

తర్వాత బాబేఝరి దగ్గర మనవాళ్లు పోడు కొడితే మళ్లీ దాడులు, మళ్లీ కేసులు. నిజాంకు చెప్పుకుందామని భీం హైదరాబాద్ దాకా వెళ్లాడని, దర్శనం దొరకలేదని పెద్దలు చెబుతారు. ఆ తర్వాతే పన్నెండు గూడేలు ఒక్కటై, జోడేఘాట్ గుట్ట మీద తుపాకులు పట్టాయి. జల్, జంగల్, జమీన్ మనవేనన్నాయి. అధికారులు మాట్లాడటానికి వచ్చినా ఒప్పందం కుదరలేదు. 1940లో పోలీసులు గుట్టెక్కి భీంను, తోటివారిని కాల్చిచంపారు. దారి చూపింది మనవాడే ఒకడంటారు.

సినిమా చూసి భీం, అల్లూరి దోస్తులనుకునే పిల్లలున్నారు. వాళ్లు కలిసిన దాఖలా లేదు. అల్లూరి 1924లోనే చనిపోయాడు.

భీం పోయాక సర్కారుకు భయం పట్టుకుంది. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోమని హైమండార్ఫ్‌ను పంపింది. ఆయన మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నాడు. భూములకు పట్టాలు మొదలయ్యాయి. 1943లో అదే ఊళ్లో గోండు యువకులకు టీచర్ ట్రైనింగ్ పెట్టారు, గోండీలో వాచకాలు రాయించారు. నేను ట్రైనింగ్ చేసిన రోజుల్లో ఈ ముక్క నాకెవరూ చెప్పలేదు.

జోడేఘాట్ వెళ్లినప్పుడు వీలైతే జైనూరు మీదుగా మార్లవాయి కూడా చూసి రండి. హైమండార్ఫ్ దంపతుల సమాధులు అక్కడే ఉన్నాయి.