వర్ణశోధకుడు పాల్ ఎర్లిక్

వస్త్రాలకు అద్దే రంగులు వ్యాధి గుట్టును విప్పగలవని పంతొమ్మిదో శతాబ్దంలో విశ్వసించినవారు కొద్దిమందే. వారిలో అగ్రగణ్యుడు పాల్ ఎర్లిక్. ఆయన 1854 మార్చి 14న నాటి ప్రష్యా రాజ్యంలోని స్ట్రేలెన్ పట్టణంలో ఒక యూదు కుటుంబంలో జన్మించాడు. నేడు ఆ పట్టణం పోలండులో ఉంది.

తల్లి తరపు బంధువైన కార్ల్ వైగెర్ట్ కణజాలాలకు రంగు పట్టించడంలో నిపుణుడు. ఆ విద్య ఎర్లిక్ మనస్సును చిన్నతనంలోనే దోచుకొంది. పల్చగా కోసిన కణజాలం సూక్ష్మదర్శిని కింద దాదాపు వర్ణరహితంగా కనిపిస్తుంది. రంగు పట్టిస్తేనే దాని నిర్మాణం బయటపడుతుంది. అయితే ఒక్కొక్క రంగు ఒక్కొక్క భాగాన్నే ఎందుకు వరిస్తుంది? ఈ ప్రశ్నే ఎర్లిక్‌ను జీవితాంతం వెన్నాడింది. 1878లో లైప్‌జిగ్ విశ్వవిద్యాలయానికి ఆయన సమర్పించిన సిద్ధాంతవ్యాసం కూడా దీనికి సంబంధించినదే. మరుసటి సంవత్సరం ఇయోసిన్ అనే ఎర్రని రంగును గాఢంగా గ్రహించే తెల్లరక్తకణాలను ఆయన గుర్తించాడు.

1882 మార్చి 24న బెర్లిన్‌లో రాబర్ట్ కాక్ క్షయక్రిమిని లోకానికి పరిచయం చేసిన సభలో ఎర్లిక్ ఉన్నాడు. ఆ క్రిమికి స్పష్టంగా రంగు పట్టించే మెరుగైన పద్ధతిని ఆ ఏడే రూపొందించాడు. విధి ఎంత విచిత్రమైనది! కొన్నేళ్లకు తన కఫంలోనే ఆ క్రిములను చూడవలసి వచ్చింది. 1888లో ఆరోగ్యం కోసం ఈజిప్టుకు వెళ్లి, మరుసటి ఏడు కోలుకొని తిరిగివచ్చాడు. అప్పటికి ఉద్యోగం లేదు. సొంతంగా ఒక చిన్న ప్రయోగశాల ఏర్పరచుకొని పని సాగించాడు.

తరువాత ఆయన దృష్టి దేహంలోని రోగనిరోధకశక్తిపైకి మళ్లింది. రంగు తనకు తగిన భాగాన్ని పట్టుకొన్నట్లే, ప్రతిరక్షకం తనకు తగిన పదార్థాన్నే పట్టుకొంటుందని ఆయన భావించాడు. ఈ పరిశోధనలకు 1908లో నోబెల్ బహుమతి లభించింది. 1910లో సిఫిలిస్ వ్యాధికి సాల్వర్సాన్ అనే మందును అందించాడు. 1915 ఆగస్టు 20న కన్నుమూశాడు.

ఎర్లిక్ జీవితంలో రంగులూ, ప్రతిరక్షకాలూ వేర్వేరు అధ్యాయాలు. 1941లో అమెరికాలో ఆల్బర్ట్ కూన్స్, ఆయన సహచరులు ప్రతిరక్షకానికే మెరిసే రంగును జతచేసి ఆ రెంటినీ కలిపారు. ఆ మార్గంలో వికసించిన పద్ధతి నేడు ప్రొస్టేట్ క్యాన్సర్ నిర్ధారణకు తోడ్పడుతోంది. సూదితో తీసిన ముక్కకు మొదట హెమటాక్సిలిన్, ఇయోసిన్ రంగులు పట్టిస్తారు. కేంద్రకాలు నీలంగా, తక్కిన భాగం గులాబీరంగులో కనిపిస్తాయి. అనుమానాస్పదమైన గ్రంథులు రెండు మూడే ఉన్నప్పుడు చిక్కు వస్తుంది. క్యాన్సర్ కాదంటే రోగికి ముప్పు, అవునంటే అనవసరమైన శస్త్రచికిత్స కావచ్చు. ఆరోగ్యవంతమైన గ్రంథి చుట్టూ ఆధారకణాల వరుస ఒకటి ఉంటుంది. క్యాన్సర్ గ్రంథికి అది ఉండదు. ఆ కణాలను గుర్తించే ప్రతిరక్షకాలను ప్రయోగిస్తే, అవి ఉన్నచోట సాధారణంగా గోధుమరంగు తేలుతుంది. రంగు తేలనంత మాత్రాన తీర్పు చెప్పరు. క్యాన్సర్ కాని కొన్ని గ్రంథుల్లోనూ ఆ వరుస తెగిపోయి కనిపించవచ్చు. అందుకే వైద్యుడు ఇయోసిన్ పట్టించిన మొదటి పలకను మళ్లీ చేతిలోకి తీసుకొంటాడు.