డెడెకిండ్: ఒక ఇంజనీరింగ్ కాలేజీ లెక్కల మాస్టారు

ఇంజనీరింగ్ కాలేజీలో లెక్కలంటే ఎం-వన్, ఎం-టూ, పాస్ మార్కులు, అంతే. అసలైన లెక్కలు చేసేవాళ్ళు ఎక్కడో పెద్ద యూనివర్సిటీల్లో ఉంటారని మనలో చాలామంది నమ్మకం. కౌన్సెలింగ్ రోజుల్లో నాకూ ఇదే గుబులు. మాది పూడిమడక. సముద్రం మీద వేటతో బతికే ఇంట్లో బీఎస్సీ మ్యాథ్స్ చదువుతానంటే ఎవరూ ఒప్పుకోలేదు. తొందరగా ఉద్యోగం రావాలి కదా, వాళ్ళ లెక్క వాళ్ళది. సరే, బీటెక్‌లో చేరాను. లెక్కలకి ఇక దూరమైపోయినట్టే అనుకుంటున్న టైములో రిచర్డ్ డెడెకిండ్ గురించి చదివాను. ఆయన 36 ఏళ్ళు పాలిటెక్నిక్‌లలో, అంటే మనలాంటి కుర్రాళ్ళకే పాఠాలు చెప్పారు. అక్కడ ఉండే ఆధునిక గణితానికి పునాదులు వేశారు.

ఆయన 1831 అక్టోబర్ 6న జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్‌లో పుట్టారు. నలుగురు పిల్లల్లో ఆఖరివాడు. మహా గణితవేత్త గాస్‌ది కూడా ఆ ఊరే. డెడెకిండ్ గోటింగెన్ వెళ్ళి ఆ గాస్ దగ్గరే 1852లో డాక్టరేట్ తీసుకున్నారు. గాస్ చివరి శిష్యుడు ఆయనే. 1855లో గాస్ పోయాక ఆ స్థానంలోకి డిరిక్లే వచ్చారు. డెడెకిండ్ అప్పటికే అక్కడ పాఠాలు చెప్పే అర్హత సంపాదించారు. అయినా నామోషీ అనుకోకుండా డిరిక్లే క్లాసులో కూర్చుని మళ్ళీ విద్యార్థి అయిపోయారు. అదే కాలంలో గాల్వా సిద్ధాంతం మీద ఆయన కోర్సు చెబితే వినడానికి వచ్చింది ఇద్దరే.

1858లో జూరిచ్ పాలిటెక్నిక్‌లో ఉద్యోగం వచ్చింది. ఇంజనీరింగ్ పిల్లలకి కాల్క్యులస్ చెప్పాలి. పెరుగుతూ పోయే రాశి ఒక హద్దు దాటకపోతే ఏదో ఒక విలువకి చేరుతుందని మన మాస్టార్లు కూడా గీత గీసి చూపిస్తారు, మనం రాసేసుకుంటాం. డెడెకిండ్‌కి ఆ బొమ్మతో సరిపెట్టడం నచ్చలేదు. బొమ్మ సరే, రుజువేది? అసలు రూట్ 2 లాంటి సంఖ్య అంటే ఏమిటి? ఆ ఏడాది నవంబర్ 24న జవాబు దొరికింది. భిన్నాలన్నిటినీ ఎడమవైపు కొన్ని, కుడివైపు కొన్ని వచ్చేలా రెండు గుంపులుగా కోస్తే, ఆ కోతే ఒక సంఖ్య. ఇవాళ దీన్ని డెడెకిండ్ కట్ అంటున్నాం. ఆయన వెంటనే అచ్చువేయించారా? లేదు. 14 ఏళ్ళు దగ్గరే ఉంచుకుని 1872లో బయటపెట్టారు.

1862లో సొంత ఊరు బ్రౌన్‌ష్వైగ్‌కి తిరిగొచ్చి అక్కడి పాలిటెక్నిక్‌లో చేరారు. తర్వాత పెద్ద చోట్ల నుంచి పిలుపులు వచ్చినా కదల్లేదు. పెళ్ళి చేసుకోలేదు. నవలలు రాసే అక్క యూలీతో కలిసి ఉండేవారు. చెల్లో, పియానో వాయించేవారు. మూడేళ్ళు డైరెక్టర్‌గా ఆఫీసు పనీ చూశారు. తన పని పక్కనపెట్టి ఇతరుల పనికి ఎంత టైము ఇచ్చారో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. డిరిక్లే పాఠాలని పుస్తకంగా రాసి 1863లో డిరిక్లే పేరు మీదే వేశారు. స్నేహితుడు రీమాన్ చిన్న వయసులో పోతే ఆయన రచనలని వెబర్‌తో కలిసి 1876లో తెచ్చారు.

లాటిస్ కథ మొదలైంది కూడా ఆ డిరిక్లే పుస్తకం దగ్గరే. మామూలు సంఖ్యల్లో 6ని ప్రధాన సంఖ్యలుగా విడగొడితే 2×3 ఒక్కటే దారి. కానీ రూట్ మైనస్ 5ని కూడా కలుపుకున్న సంఖ్యల్లో ఆ 6కే ఇంకో దారి ఉంది: 1+√−5ని 1−√−5తో గుణించినా 6 వస్తుంది. ఈ చిక్కు విప్పడానికి డెడెకిండ్ 1871లో ఒక్కో సంఖ్యకి బదులు 'ఐడియల్' అనే సంఖ్యల గుంపుని తీసుకున్నారు. అప్పుడు భాగించడం అంటే ఒక గుంపు ఇంకో గుంపులో ఇమడడం. రెండు గుంపుల్లోనూ ఉన్నవి తీసుకుంటే క.సా.గు., రెండిటినీ కూడితే గ.సా.భా. ఈ రెండు పనులూ ఏయే నియమాలు పాటిస్తాయో ఆయన ఏళ్ళ తరబడి పరిశీలించారు. 1897లో ఒకటి, 1900లో ఒకటి, రెండు వ్యాసాలు రాసి ఆ నిర్మాణానికి 'ద్వంద్వ సమూహం' అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. మనం లాటిస్ అంటున్నది దాన్నే.

లాటిస్‌కి తెలుగులో జాలకం అంటారు. ఇంటర్ కెమిస్ట్రీలో స్ఫటిక జాలకం చదివాం కదా, ఆ మాటే. జాలం అంటే వల. మా ఊళ్ళో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉంటుంది, ఆ 61 రోజుల్లో వలలు బాగుచేసుకుంటారు. నాకు హాసే డయాగ్రమ్ అర్థమైంది ఆ వలని తలుచుకున్నాకే. 12 భాజకాలని గీయండి. అడుగున 1, దాని పైన 2, 3, వాటి పైన 4, 6, అందరికన్నా పైన 12. భాగించేదాని నుంచి వెంటనే పైనున్నదానికి గీత. రెండు కన్నుల వల ముక్క వస్తుంది. ఏ రెండు ముడులు పట్టుకున్నా, వాటి నుంచి కిందికి దిగితే మొదట కలిసే ముడి గ.సా.భా., పైకెక్కితే మొదట కలిసేది క.సా.గు. 4, 6 పట్టుకుంటే కింద 2, పైన 12.

ఈ వలలో విభాగ న్యాయం పనిచేస్తుంది. అన్ని చోట్లా పనిచేయదు. కాగితం మీద ఒకే బిందువు గుండా మూడు గీతలు గీయండి. ఏ రెండు గీతలు కలిసినా కాగితమంతా వస్తుంది, ఏ రెండిటికీ ఉమ్మడిగా ఉన్నది ఆ బిందువే. రెండో, మూడో గీతలని ముందు కలిపి మొదటిదానితో ఖండిస్తే మొదటి గీత మొత్తం వస్తుంది. విడివిడిగా ఖండించి తర్వాత కలిపితే బిందువే మిగులుతుంది. ఇలాంటి చోట కూడా నిలిచే మెత్తని నియమం ఒకటుందని డెడెకిండ్ పట్టుకున్నారు: ఒకటి ఇంకొకదాని లోపల ఉన్నప్పుడు మాత్రం విభాగ న్యాయం చెల్లుతుంది. దాన్నే మాడ్యులర్ నియమం అంటారు. బీజగణితం కోసం పుట్టిన ఆ నియమం జ్యామితికీ సరిపోయింది.

లెక్కపెట్టడంలోకీ అది పాకింది. కొన్ని స్విచ్చులు, ఒక బల్బు ఉన్నాయనుకోండి. ఏ స్విచ్ ఆన్ చేసినా వెలుగుతున్న బల్బు ఆరిపోకూడదు. ఇలాంటి సర్క్యూట్లు ఎన్ని రకాలు? ఒక స్విచ్‌కి 3, రెండిటికి 6, మూడిటికి 20, నాలుగిటికి 168. నాలుగు దాకా డెడెకిండ్ 1897లోనే లెక్కకట్టారు. తొమ్మిది స్విచ్చుల జవాబు 2023లో గానీ రాలేదు. అది 42 అంకెల సంఖ్య. దానికోసం జర్మనీలోని పాడర్‌బోర్న్‌లో ఎఫ్‌పీజీఏలున్న సూపర్ కంప్యూటర్ నెలల తరబడి నడిచింది. ఈసీఈ వాళ్ళూ, వింటున్నారా?

ఆ రెండు వ్యాసాలని మాత్రం అప్పట్లో దాదాపు ఎవరూ పట్టించుకోలేదు. డెడెకిండ్ 1916 ఫిబ్రవరి 12న, 84 ఏళ్ళ వయసులో, సొంత ఊళ్ళోనే కన్నుమూశారు. 1930ల్లో అమెరికాలో బర్కాఫ్, డెడెకిండ్ చేసింది తెలియకుండానే, ఇదే నిర్మాణాన్ని మళ్ళీ కనుక్కున్నారు. లాటిస్ అనే పేరు అప్పటిదే. అక్కడి నుంచి అది మన తీరానికీ వచ్చింది. వాల్తేరులో, మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, ఎన్.వి. సుబ్రహ్మణ్యం 1960ల్లో బూలియన్ నిర్మాణాల మీద పనిచేశారు. 1981లో యు.ఎం. స్వామి, జి.సి. రావు కలిసి ఇంకో ప్రశ్న వేశారు. ముందువెనకలు మార్చినా ఫలితం ఒకటే అనే వినిమయ న్యాయాన్ని కూడా వదిలేస్తే విభాగ న్యాయపు జాలకంలో ఎంత మిగులుతుంది? దాదాపు అంతా మిగిలే ఒక నిర్మాణాన్ని వాళ్ళు చూపించారు. దాని మీద ఇప్పటికీ పరిశోధనలు జరుగుతున్నాయి.

గోటింగెన్‌లో డెడెకిండ్ క్లాసుకి వచ్చింది ఇద్దరే. మన క్లాసుల్లో అరవై మందిమి ఉన్నాం. డిస్క్రీట్ మ్యాథ్స్‌లో లాటిస్ యూనిట్ వచ్చినప్పుడు ఇంపార్టెంట్ క్వశ్చన్ల కోసం వెతికే ముందు, 30 భాజకాలతో ఒకసారి వల అల్లి చూడండి. ఎనిమిది ముడులు, పన్నెండు గీతలు. ఆ బొమ్మ మీరు ఇంజనీరింగ్ డ్రాయింగ్‌లో ఇంతకుముందే గీశారు.