బొమ్మలతో బాలల ఆత్మగౌరవాన్ని పరీక్షించిన మేమీ ఫిప్స్ క్లార్క్

బిర్సానగర్ (జంషెడ్‌పూర్): బిర్సా ముండా పేరు దాల్చిన బిర్సానగర్ ఉన్న ఈ ఉక్కు నగరంలో ముండా, హో, సంథాల్ బాలలు బెంగాలీ, ఒడియా, తెలుగు కుటుంబాల పిల్లలతో కలిసి పెరుగుతున్నారు. ఇటువంటి చోట ఒక బాలుడు తనను తాను ఎంత విలువైనవాడిగా భావిస్తున్నాడో నమ్మదగిన రీతిలో తెలుసుకోవడం ఎలా? అమెరికాలో ఈ ప్రశ్నను తొలితరంలోనే చేపట్టిన మనస్తత్వవేత్త మేమీ ఫిప్స్ క్లార్క్.

1917లో ఆర్కన్సా రాష్ట్రంలోని హాట్ స్ప్రింగ్స్‌లో ఒక వైద్యుని కుమార్తెగా ఆమె జన్మించారు. హోవర్డ్ విశ్వవిద్యాలయంలో గణితంతో మొదలుపెట్టి, అనంతరం భర్త అయిన కెన్నెత్ క్లార్క్ ప్రోత్సాహంతో మనస్తత్వశాస్త్రానికి మళ్లారు. 1943లో కొలంబియా విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ పొందారు.

దంపతులిద్దరూ 3 నుంచి 7 ఏళ్ల లోపు 253 మంది నల్లజాతి పిల్లల ఎదుట, రంగులో తప్ప తేడా లేని నాలుగు బొమ్మలు ఉంచారు. ఏ బొమ్మతో ఆడుకుంటావు, ఏది మంచిది, ఏది చెడ్డది, ఏది నీలా ఉంది అని అడిగారు. 67 శాతం మంది ఆటకు తెల్లబొమ్మనే కోరారు. ఇక్కడ గమనించదగినది ప్రశ్నల వరుస. ముందుగా తనలాంటి బొమ్మను చూపిన బిడ్డ, తర్వాత దానినే మెచ్చుకోవడానికి మొగ్గుతున్నట్లు ప్రాథమిక పరిశీలనలో తేలింది. అందుచేత ఇష్టాయిష్టాల ప్రశ్నలను ముందుకు జరిపారు. ఫలితం ఎంత సంచలనమైనా, ఈ జాగ్రత్తే ఆ పనికి నిజమైన ప్రాణం.

1954లో పాఠశాలల్లో జాతివివక్షను కొట్టివేసిన సుప్రీంకోర్టు తీర్పు కెన్నెత్ రచనను ఉదహరించింది. అంతకుముందు వర్జీనియా కేసులో, వేర్పాటును సమర్థించిన హెన్రీ గారెట్ వాదనను ఖండిస్తూ మేమీ స్వయంగా సాక్ష్యమిచ్చారు. ఆ గారెట్ కొలంబియాలో ఆమె పరిశోధనకు మార్గదర్శి కావడం విచిత్రమే.

విమర్శలూ వచ్చాయి. దక్షిణాది వేరు బడుల పిల్లలకన్నా ఉత్తరాది ఉమ్మడి బడుల పిల్లలే తెల్లబొమ్మను ఎక్కువగా ఎంచుకున్నారు. బొమ్మపై ఇష్టం, తనపై తనకున్న గౌరవం ఒకటి కావన్నది మరో ఆక్షేపణ. మోరిస్ రోజెన్‌బర్గ్, రాబర్టా సిమన్స్ బాల్టిమోర్ విద్యార్థులను నేరుగా ప్రశ్నించి 1971లో ప్రచురించిన అధ్యయనంలో, నల్లజాతి పిల్లల ఆత్మగౌరవం తెల్లజాతి పిల్లలకన్నా తక్కువగా కనిపించలేదు.

కొలమానం తప్పితే బిడ్డ బతుకే దారి తప్పుతుందని మేమీకి అనుభవంలో తెలుసు. 1946లో న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో దంపతులు నెలకొల్పిన నార్త్‌సైడ్ బాలవికాస కేంద్రానికి, మందబుద్ధులని బడులు ముద్రవేసిన పిల్లలను తల్లిదండ్రులు తీసుకువచ్చేవారు. మళ్లీ పరీక్షిస్తే వారిలో అత్యధికులకు ఆ ముద్ర సరికాదని తేలింది. 1979 వరకు ఆ కేంద్రాన్ని నడిపిన మేమీ, 1983 ఆగస్టు 11న కన్నుమూశారు.