మైకేల్ ఫారడే

లండను నగరసమీపమున 1791వ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీన ఒక పేద కమ్మరి యింట మైకేల్ ఫారడే జన్మించెను. చదువుట, వ్రాయుట, కొద్దిపాటి లెక్కలు చేయుట మాత్రమే యాతనికి బడిలో అబ్బిన విద్య. పదునాలుగవ యేట నతడు పుస్తకములకు అట్టలు కట్టు దుకాణమున పని నేర్చుకొన జేరెను. అట్టకొఱకు వచ్చిన గ్రంథములనే తీరికవేళ చదువుచు విద్యుత్తును గూర్చి తెలిసికొనెను.

1812లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్ అను సంస్థయందు హంఫ్రీ డేవీ యిచ్చిన ఉపన్యాసములను విని, వానిని శ్రద్ధతో వ్రాసి, అట్టకట్టి ఆ మహాశయునకు పంపెను. మరుసటి యేడు ఆయన ప్రయోగశాలలోనే సహాయకుడయ్యెను. చిత్రమేమనగా, 1824లో ఫారడేను రాయల్ సొసైటీ సభ్యునిగా ఎన్నుకొనుటకు అడ్డుపడినవాడును ఈ డేవీయే. శిష్యుడు సభ్యుడు కాక మానలేదు. గురువునెడ గౌరవమును విడువనులేదు.

అయస్కాంతముచే విద్యుత్తును పుట్టించిన 1831 నాటి ప్రయోగము జగద్విదితము. నీటిని గూర్చిన యాతని పరిశోధన అంతగా ప్రచారమునకు రాలేదు. విద్యుత్తును పంపినచో నీరు ఉదజని, ఆమ్లజని అను రెండు వాయువులుగా విడిపోవునని 1800లోనే నికల్సన్, కార్లైల్ అను వారు కనుగొనిరి. ఎంత నీటికి ఎంత విద్యుత్తు వలయునో మాత్రము తేలలేదు. ఫారడే ఆమ్లము కలిపిన నీటిని పలు పాత్రలలో నుంచి, వానిగుండ ఒకే ప్రవాహమును నడిపెను. ఒకదానిలో పెద్ద రేకులు, వేఱొకదానిలో చిన్నవి. ఒకదాన ఆమ్లము హెచ్చు, మఱియొకదాన తక్కువ. అయినను అన్నింట వెలువడిన వాయువు సమానమే! నీరు విడిపోవుట నడచిన విద్యుత్తునుబట్టియే కాని పాత్రనుబట్టి కాదని తేలెను.

1834లో నతడు వేసిన లెక్క విస్మయకరము. ఒక గ్రెయిను నీరు, అనగా సుమారు 65 మిల్లీగ్రాములు, ఒకటి రెండు బొట్లకు మించదు. దానిని విడదీయుటకు, సన్నని ప్లాటినము తీగను ఎఱ్ఱగా కాల్చగల ప్రవాహము మూడు ముప్పాతిక నిమిషములు నడువవలెను. లేడెన్ జాడీలతో నా పని చేయవలయునన్న వానిని 8,00,000 మారులు నింపి విడువవలెనట! ఆ విద్యుత్తును ఫారడే ఒక గొప్ప మెఱుపుతో పోల్చెను.

నేటి లెక్కలో, 9 గ్రాముల నీటినుండి 1 గ్రాము ఉదజని రాబట్టుటకు సుమారు 96,500 కూలుంబుల విద్యుత్తు కావలెను. ఈ సంఖ్యకే ఫారడే స్థిరాంకమని పేరు. ఒక కిలోగ్రాము ఉదజని కావలెనన్న సుమారు 39 యూనిట్ల శక్తి వెచ్చింపక తప్పదు. యంత్రములలో కొంత వృథాయగుటచే వాడుకలో నంతకంటె హెచ్చే పట్టును. ఉదజని మండి మరల నీరగునపుడు ఆ 39 యూనిట్లే వేడిమిగా బయటపడును.

ఫారడే సర్ బిరుదమును నిరాకరించెను. క్రిస్మస్ దినములలో బాలబాలికలకు విజ్ఞానోపన్యాసము లిచ్చుట మాత్రము ఆతనికి పరమప్రీతి. దాదాపు డెబ్బది యేండ్ల వయసున, 1860 శీతకాలమున, కొవ్వొత్తి మంటనుండి నీరు పుట్టుటను వారికి చూపి, విద్యుత్తుచే నీటిని విడదీసియు చూపెను. 1867 ఆగస్టు 25వ తేదీన హాంప్టన్ కోర్టులోని గృహమున నతడు మరణించెను.